ఊరంతా పూర్తిగా ఒప్పుకుంది

మా గైడుగారు పెందుర్తిలో ఇల్లు కట్టుకోకపోయి ఉంటే నా పీహెచ్‌డీ ఏడాది ముందే అయిపోయేది. ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను. ఆయన ఏమాత్రం మొహమాటపడకుండా, "మీరు లేకపోతే మా తూర్పు గోడ అంత గట్టిగా ఉండేది కాదమ్మా" అన్నారు. అదీ నిజమే. నా రెండో అధ్యాయం మొత్తం ఆ గోడని తడుపుతూనే నడిచింది.

ఎనభైల నడుమ సంగతి. ఊళ్లో ఎటు చూసినా కట్టడమే. ఉక్కు కర్మాగారం లేస్తోంది, దాన్ని నమ్ముకుని కాలనీలు లేస్తున్నాయి. ఆ రోజుల్లో గైడు దొరకడం సులువే, తాపీమేస్త్రి దొరకడమే గగనం. మా గైడుగారికి మేస్త్రి దొరికిన రోజు నుంచీ యూనివర్సిటీలో ఆయన గదికి తాళమే. నేను బడి వదలగానే థీసిస్ కాగితాలు సంచీలో కుక్కుకుని, బస్సులో వేలాడుతూ పెందుర్తి పోయేదాన్ని. ఆయన లుంగీ ఎగగట్టి ఇసక కుప్ప మీద నిలబడి ఉండేవారు. "రండి రండి, మంచి సమయానికి వచ్చారు" అని నీళ్ల గొట్టం నా చేతికిచ్చేవారు. నేను గోడ తడుపుతుంటే ఆయన నీడన కూర్చుని నా కాగితాలు చదివి, ఎర్ర పెన్సిలుతో 'ఆలోచించండి' అని రాసేవారు. దేని గురించి ఆలోచించాలో మాత్రం రాసేవారు కాదు. మనిషి వెన్న. కృష్ణా జిల్లా వారు, లెక్కలంటే ప్రాణం.

నేను హార్బరుకి దగ్గర్లో ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. "మీకెందుకండీ ఈ వయసులో పీహెచ్‌డీ" అని మా హెడ్‌మిస్ట్రెస్ అడిగినప్పుడల్లా విద్యారంగం, సమాజం అని ఏదో నమిలేదాన్ని. అసలు సంగతి మా ఆయనకొక్కరికే తెలుసు. మా గేటు మీద ఆయన పేరుతో బోర్డు ఉంది. నా పేరు రేషను కార్డులో తప్ప ఎక్కడా లేదు. ఆ గేటుకి రెండో బోర్డు కావాలి, అది మొదటిదానికన్నా పెద్దది కావాలి, అందులో నా పేరుకి ముందు డాక్టర్ అని ఉండాలి. నా విద్యా తత్వశాస్త్రం అంతే.

"గేటు మొయ్యలేదేమోనే, సూసుకో" అనేవారు మా ఆయన. పోర్టులో క్రేను నడిపే మనిషి, ఆయనకి బరువుల సంగతి తెలుసు.

నవ్వులాటకి అంటున్నాను గానీ అప్పుడు నా ప్రాణం దాని మీదే ఉంది. వచ్చే వేసవికి గైడుగారు రిటైరవుతారు. అంతలోపు థీసిస్ ఇవ్వకపోతే గైడుని మార్చుకోవాలి, విషయం మార్చుకోవాలి, మళ్లీ ఓనమాల నుంచి మొదలెట్టాలి. నాకప్పటికే నలభై దాటాయి. పొద్దున్న వంట, పగలు బడి, సాయంత్రం గోడ. ఇంకోసారి మొదలెట్టే ఓపిక నాకు లేదని నాకు తెలుసు. ఇది పోతే ఇంక జన్మలో లేదు.

నా విషయం, పిల్లల చదువు మీద జాలరి తల్లుల అభిప్రాయాలు. మా బడిలో ఆ పిల్లలు దసరా దాకా వస్తారు, ఆ తర్వాత ఒక్కొక్కరే మాయమవుతారు. ఎందుకని తల్లుల్నే అడగాలని నా ఉద్దేశం. గైడుగారు నలభై వాక్యాలు తయారు చేయించారు. ఒక్కోదానికి అయిదు గడులు: పూర్తిగా ఒప్పుకుంటాను, ఒప్పుకుంటాను, చెప్పలేను, ఒప్పుకోను, అసలే ఒప్పుకోను. ఆ గడులు నాకు ఎంత పట్టేశాయంటే, ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రసంగం చెబుతుంటే కూడా మనసులో టిక్కులు పెట్టుకునేదాన్ని. ఓర్పు గురించి చెప్పిన వారం 'చెప్పలేను' దగ్గర పెట్టాను.

ముందు హార్బరుకే వెళ్లాను. తెల్లారకముందే అక్కడ ఊరంతా లేచి ఉంటుంది. మరబోట్లు ఒడ్డుకి చేరుతున్నాయి, ఐసు గడ్డలు పగలగొడుతున్నారు, ఒక పక్క వేలం పాట. నేను ఒక చేత్తో కుచ్చిళ్లు, ఒక చేత్తో అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు పట్టుకుని, "అమ్మా, చదువుకున్న పిల్లలు తల్లిదండ్రులను గౌరవిస్తారు. మీరు ఒప్పుకుంటారా?" అని అడుగుతూ తిరిగాను. ఒకావిడ, "తప్పుకో తల్లీ, తప్పుకో" అంది. ఇంకొకావిడ, "ముందు ఈ గంపకి ఓ సెయ్యెయ్యి" అంది. వేశాను. ఆ వెంటనే మరో గంప వచ్చింది. నా పరిశోధనలో అందరూ నా చేతికి ఏదో ఒకటి ఇచ్చారు, జవాబు తప్ప.

చివరికి చేపల బురదలో కాలు జారి చతికిలబడ్డాను. అప్పుడు ఒక పెద్ద గొంతు వినిపించింది.

"ఓలమ్మ! మన టీచరమ్మ కాదేటి?"

ఆవిడ కూతురు నా ఏడో తరగతిలో ఉండేది. దసరా తర్వాత రావడం మానేసి రొయ్యలు వలిచే షెడ్డులో చేరింది. తల్లి గొంతు మాత్రం హార్బరు ఈ కొస నుంచి ఆ కొసకి వినపడుతుంది. నన్ను రెక్క పట్టుకుని లేపి, ఐసు నీళ్లతో నా చీర కడిగి, సంగతేమిటని అడిగింది. చెప్పాను.

"అయితే ఇది ఎవులికి పరీచ్చ? మాకా, నీకా?"

"నాకేనమ్మా. మీరంతా జవాబులు చెప్తేనే నేను గట్టెక్కేది."

"ఇంత వయిసొచ్చాక నీకు పరీచ్చలేటమ్మా!" అని ఆవిడ నా వంక చూసిన చూపు నేనిప్పటికీ మర్చిపోలేను. ఉరిశిక్ష పడినవాణ్ణి కూడా అంత జాలిగా చూడరు. "మా పేటకి రా. బోట్లు ఏటకెల్లని రోజు సూసి రా. నాను అందరికీ సెప్తాను. నీకేం బయం నేదు."

రెండు వారాల తర్వాత వెళ్లాను. ఒడ్డు మీద రెండు వరసల ఇళ్లు. మొదటి ఇంట్లో చాప వేసి, కుండలోంచి నీళ్లిచ్చి, నేను వాక్యం పూర్తి చేసేలోపే, "పూర్తిగా ఒప్పుకుంటన్నాను" అంది ఇల్లాలు. తర్వాతి వాక్యానికీ అదే. నలభైకీ అదే. ఎంత చక్కని తల్లి అనుకున్నాను. రెండో ఇంట్లోనూ నలభైకి నలభై. మూడో ఇంటికొచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి.

ఎందుకంటే 'ఆడపిల్లకీ మగపిల్లాడికీ చదువు సమానంగా కావాలి' అని ఒక వాక్యం ఉంటే, కొంత దూరం పోయాక 'ఆడపిల్లకి చదువు దండగ' అని ఇంకో వాక్యం ఉంది. ఆలోచించకుండా జవాబు చెప్పేవాళ్లని పట్టుకోవడానికి గైడుగారు కావాలనే అలాంటి జంటల్ని అక్కడక్కడా ఇరికించారు. పట్టుకున్నాం. పేట మొత్తాన్నీ పట్టుకున్నాం.

నాలుగో ఇంట్లో ఒక ముసలావిడ ఉంది. నేను కాగితం పక్కన పడేసి, "మామ్మా, సముద్రంలో చేపలు లేవు" అన్నాను.

"పూర్తిగా ఒప్పుకుంటన్నాను."

"నేను నీ కోడల్ని."

"పూర్తిగా ఒప్పుకుంటన్నాను. కూకో, కూడెడతాను."

నేరుగా ఊరి పెద్ద దగ్గరికి పోయాను. బక్కపలచని మనిషి, వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూడగానే మొహం ఇంత చేసుకుని, "ఏం టీచరమ్మా, అందరూ బాగా సెప్తన్నారా?" అన్నాడు. సంగతి అప్పుడు బయటపడింది. ఆ పేటలో ఏ మాటైనా తలా ఒకటి చెప్పరు. అందరూ కూర్చుని ఒక మాట అనుకుంటారు, ఆ తర్వాత ఊరంతటికీ అదే మాట. దాన్ని కట్టుబాటు అంటారు. దాటితే ఊరికి తప్పు కట్టాలి, జరిమానాలాగా. పెద్ద గొంతావిడ వెళ్లి నా కష్టం చెప్పగానే వీళ్లు సభ కూర్చుని, టీచరమ్మ ఏది చదివితే అది పూర్తిగా ఒప్పుకోవాలని కట్టుబాటు చేసేశారు.

"మా పేట పిల్లలకి సదువు సెప్పినావిడివి. నిన్ను పరీచ్చ తప్పనిస్తామేటమ్మా?" అన్నాడు పెద్ద.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గైడుగారి దగ్గర మాత్రం ఏడ్చాను. ఆయన ఇసక కుప్ప మీదే కూర్చుని లెక్క కట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అందరి జవాబూ ఒక్కటే! విచలనం సున్నా! నా సర్వీసులో ఇంత స్వచ్ఛమైన సున్నా చూడలేదమ్మా" అన్నారు, తిరుపతి లడ్డు చేతిలో పడ్డట్టు. ఆ తర్వాత నా మొహం చూసి గొంతు తగ్గించారు. "కానీ ఇది చెల్లదు. ఒక్కొక్కరి మాటా విడివిడిగా రావాలి. లేకపోతే ఈ వేసవికి మన పని అయిపోయినట్టే." చేతిలో నీళ్ల గొట్టం అలాగే ఉంది. ఆ రోజు తూర్పు గోడ బాగా తడిసింది.

కట్టుబాటు మార్చాలంటే మళ్లీ సభ కూర్చోవాలి. సభ కూర్చోవాలంటే బోట్లన్నీ ఒడ్డున ఉండాలి. ఒక బోటు వస్తే ఇంకో బోటు పోతుంది. ఉగాది దగ్గర పడుతోంది, టైపు చేయించాలి, బైండు చేయించాలి, నేనేమో హెడ్‌మిస్ట్రెస్ ముందు సెలవు చీటీ పట్టుకుని నిలబడి సముద్రం వంక చూస్తున్నాను. ఎట్టకేలకు ఒక సాయంత్రం అందరూ కుదిరారు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, నడుమ నేను.

"నాకు ఊరి మాట వద్దు. ఎవరి మాట వాళ్లు చెప్పాలి. వేరు వేరుగా" అన్నాను.

ఊరి పెద్ద నన్ను ఎగాదిగా చూశాడు. "తలో మాట సెప్తే అది ఊరేటమ్మా? సంత గానీ!"

"నాకు సంతే కావాలి!"

పెద్దలంతా తలలు దగ్గర పెట్టుకుని చాలాసేపు గుసగుసలాడారు. తర్వాత పెద్ద లేచి గొంతు సవరించుకున్నాడు. "సరే. టీచరమ్మకి ఏరే ఏరే జవాబులు గావాలంట. ఇయ్యాల్టి నుంచి ఎగువ వరస అంతా ఒప్పుకుంటారు. దిగువ వరస అంతా ఒప్పుకోరు. ఇదీ కట్టుబాటు." నా వైపు తిరిగి, "రెండు రకాలూ వొచ్చీసినట్టే గదమ్మా" అన్నాడు, వరం ఇచ్చిన దేవుడిలా.

నాకు కోపం ఎక్కువ. మా ఆయన్ని అడగండి చెబుతారు. ఆ రోజు అది నెత్తికెక్కింది. కాగితాలు ఇసకలోకి విసిరికొట్టి, నోటికొచ్చింది అనేశాను. "అసలు మీకు పిల్లల చదువంటే ఒక్క ఆలోచనైనా ఉందా? ఉంటే కదా చెప్పడానికి! వల, గంప, ఇంతే మీకు. పిల్లలు ఏమైపోతే మీకేం!"

ఆడవాళ్లలోంచి పెద్ద గొంతావిడ లేచింది.

"ఏటన్నావ్? మల్లీ అను."

అనలేదు. ఒక అడుగు వెనక్కి వేశాను.

"నాకు ఆలోసన నేదా? నా గుంటని బడికంపడానికి నాను ఒక్క పూట తిన్నాను. మీ బడిలో ఏటి సేసారు? సేపల కంపని దాని పక్కన ఒక్క పిల్ల కూకోనేదు. ఎనకెంచీ మీద ఒక్కత్తే కూకుని ఏడిసి ఏడిసి వొచ్చీసింది. అలాటి సదువు దండగ! పూర్తిగా దండగ! రాసుకో!"

"నీ గుంటకి దండగేమో" అంది పక్కనే ఇంకొకావిడ, ఆవిడా లేచి. "నా గుంటడు బోర్డులు సదవబట్టే పెద్దాసుపత్రిలో మా అత్తని బతికించుకున్నాం. సదువు గావాల్సిందే!"

"ఏం సదువు, ఆ మాస్టారు వొస్తే గదా!" అంది మూడో ఆవిడ.

"మగాడికి సముద్రమే సదువు" అని ఇటు నుంచి ఒకాయన. "నువ్వు నోర్ముయ్, నిన్నడగనేదు" అని అటు నుంచి ఆయన భార్య. అంతే, కట్టుబాటు గాలికి పోయింది. ఎగువ వరస లేదు, దిగువ వరస లేదు. వదినలూ ఆడపడుచులూ ఎదురెదురుగా నిలబడి చదువు గురించి జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వచ్చారు. నేను ఇసకలో పాక్కుంటూ కాగితాలు ఏరుకుని, బోర్లించిన తెప్ప మీద కూర్చుని, చెయ్యి నొప్పెట్టేదాకా రాశాను. మర్నాడు ఇంటింటికీ వెళ్లి నలభై వాక్యాలూ మళ్లీ అడిగితే, అయిదు గడులూ నిండాయి. కొందరు వాక్యానికి అయిదు నిమిషాలు నాతో పోట్లాడి మరీ చెప్పారు.

ఆ సభ చివర్లోనే నాకు శిక్ష పడింది. కట్టుబాటు తెగడానికి కారణం టీచరమ్మే, ఊరిని తిట్టింది కూడా టీచరమ్మే, కాబట్టి తప్పు ఆవిడదే అని పెద్ద తేల్చాడు. ఏం తప్పు కట్టాలి? "ఆ పరీచ్చేటో మేవూ సూడాల. ఆ పొద్దు ఊరందర్నీ తీసుకెల్లాల." నేను ఒప్పుకున్నాను. పూర్తిగా ఒప్పుకున్నాను.

గైడుగారు రిటైరయ్యే వారంలోనే థీసిస్ ఇచ్చాను. ఆయన సిమెంటు అంటిన చెప్పులతోనే వచ్చి సంతకం పెట్టారు. ప్రతులన్నీ మా ఆయన భుజాన వేసుకుని ఆఫీసు మెట్లెక్కి, "పోర్టులో ఇంతకంటే తేలికే" అని ఆయాసపడ్డారు. కొన్ని నెలలు పోయాక వైవాకి పిలుపు వచ్చింది. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని నోటీసు బోర్డు మీద రాశారు. రాసినవాళ్లకి ఎవరొస్తారో తెలియదు పాపం.

సిటీ బస్సు యూనివర్సిటీ కొండెక్కి ఆగింది. పేట దిగింది. పెళ్లికి కట్టుకునే చీరలు, తలనిండా పూలు, ముందు ఊరి పెద్ద కొత్త తుండుతో. హాల్లో వెనక వరసలన్నీ నిండిపోయాయి. హైదరాబాదు నుంచి వచ్చిన ఎగ్జామినరుగారు, తల నెరిసిన పెద్దాయన, కళ్లద్దాల పైనుంచి వాళ్లని చూసి, నా వైపు చూసి, థీసిస్ తెరిచారు. ఆయన ప్రతి పేజీ చదివారని రెండో ప్రశ్నకే తెలిసిపోయింది.

"ఈ అభిప్రాయాలు ఒక గొడవలో మొదలయ్యాయని మీరే రాశారు. కోపంలో అన్న మాటని అభిప్రాయం అని ఎలా నమ్మమంటారు?"

ఇంగ్లీషులో ఏదో మొదలెట్టి మధ్యలో ఆపేశాను. గైడుగారు నేల చూపులు చూస్తున్నారు. ఇన్నేళ్ల గోడలూ గంపలూ కళ్ల ముందు తిరిగాయి. అయిపోయింది, ఇక్కడిదాకా వచ్చి పోయింది అనుకున్నాను.

ఎగ్జామినరుగారు వెనక వరసల వైపు తిరిగి తెలుగులో అడిగారు. "ఆ తల్లులు మీరేనా? ఈవిడ రాసింది నిజమేనా?"

ఒక్కరూ పలకలేదు.

"చెప్పండమ్మా. ఈవిడ మీ దగ్గరికి వచ్చి అడిగిందా?"

ఊరి పెద్ద తలెత్తి ఫ్యాను వంక చూస్తున్నాడు. పేటవాళ్లంతా బస్సులోనే అనుకున్నారట: లోపల ఎవరేమడిగినా నోరెత్తకూడదు, ఎత్తితే టీచరమ్మ పరీక్ష పాడవుతుంది. కట్టుబాటు.

"అసలు వచ్చిందా, లేదా?" అన్నారాయన ఈసారి కొంచెం గట్టిగా.

పెద్ద గొంతావిడ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "తప్పయితే తప్పు కడతాను. నాను మాటాడతాను" అంది ఊరి పెద్దతో. తర్వాత ఎగ్జామినరుగారి వైపు తిరిగింది. "వొచ్చింది బాబూ. వొచ్చింది, పడింది, తిట్టింది, తిట్లు తింది. అందరం సెప్పినట్టే రాసింది. ఒక్కటి మాత్రం తప్పు రాసింది."

నేను కుర్చీ పట్టుకున్నాను.

"నాది. సదువు దండగని నాను సెప్పినట్టు రాసింది. ఆ పొద్దు అన్నాను, కాదనను. కోపం కాదు బాబూ, నిజంగానే అన్నాను. ఇప్పుడు అలాగనుకోటం నేదు."

"ఎందుకు మారింది?"

"ఎందుకేటి? మొగుడూ ఇల్లూ ఉన్న ఆడది, తల నెరుస్తన్నాది, సదువు కోసం సేపల బురదలో పడి దొర్లింది. నా గుంటకి పదమూడేళ్లు. దాన్ని తీసుకెల్లి నాను రొయ్యల షెడ్డులో ఎట్టీసాను. సోమారం నుంచి మల్లీ బడికంపుతన్నాను. పక్కన ఎవులూ కూకోకపోతే నాను కూకుంటాను. ఆ కాయితంలో నాది మార్చీయండి."

ఎగ్జామినరుగారు థీసిస్ మూశారు. "అమ్మా, ఇది బైండు అయిపోయింది. మార్చడానికి లేదు."

"అదేటి? తప్పున్నా పాస్ సేసీస్తారేటి?"

"చేసేస్తాం" అన్నారాయన. హాలంతా ఒక్కసారి నవ్వింది. నేను మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చాను.

సోమవారం మొదటి పీరియడు నాదే. హాజరు పుస్తకం తీసుకుని క్లాసులోకి వెళ్లేసరికి, ముందు బెంచీలో తల్లీకూతుళ్లిద్దరూ కూర్చుని ఉన్నారు. గంప గుమ్మం బయట ఉంది. పిల్లలు గుడ్లప్పగించి చూస్తున్నారు, వెళ్లమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు, నాక్కూడా. పుస్తకంలో చివర కొత్తగా రాసిన పేరు పిలిచాను. ఇద్దరూ లేచి నిలబడి, "ఉన్నాను టీచర్" అన్నారు.